ఈడెన్‌లో 657, అదే ఈడెన్‌లో 93

2025 నవంబరులో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో దక్షిణాఫ్రికాను ఓడించడానికి భారత్‌కు చివరి ఇన్నింగ్స్‌లో 124 పరుగులు చాలు. మెడ నొప్పి వల్ల కెప్టెన్ శుభ్‌మన్ గిల్ బ్యాటింగ్‌కు రాలేదు. మిగిలినవాళ్లంతా కలిసి 93 దగ్గర ఆగిపోయారు. మ్యాచ్ మూడో రోజే ముగిసింది. ఆ సాయంత్రం నుంచే ఒక పోలిక చక్కర్లు కొట్టడం మొదలైంది: ఇదే మైదానంలో 2001లో ఆస్ట్రేలియాపై లక్ష్మణ్, ద్రవిడ్ రోజంతా వికెట్ పడకుండా ఆడారు, ఇప్పటి కుర్రాళ్లకు ఆ ఓపిక లేదు, ఐపీఎల్ వచ్చి టెస్టు బ్యాటింగ్‌ను మింగేసింది.

ఓపిక తగ్గిందన్న మాటలో కొంత నిజముంది. అయితే అక్కడితో ఆగిపోతే 2025లో ఏం జరిగిందో అర్థం కాదు సరికదా, 2001లో ఏం జరిగిందో కూడా పూర్తిగా అర్థం కాదు.

క్లుప్తంగా

భారత టెస్టు చరిత్రలో జనం ఏళ్ల తరబడి చెప్పుకునే బ్యాటింగ్ ప్రదర్శనల్లో ఎక్కువ భాగం జట్టు వెనకబడ్డాక, రెండో ఇన్నింగ్స్‌లో వచ్చినవే. నెమ్మదిగా పాతబడే పిచ్, అలసిపోయిన ప్రత్యర్థి బౌలర్లు, చేతిలో మిగిలిన సమయం కలిస్తేనే అలాంటి ఇన్నింగ్స్‌కు వీలు దొరుకుతుంది. ఆ వీలును వాడుకోవడం బ్యాటర్ల గొప్పతనం. సొంతగడ్డపై ఈమధ్య కొన్ని పిచ్‌లు మొదటి రోజు నుంచే తిరుగుతుండటంతో ఆ వీలే సన్నబడింది. ఇదే తరం బ్యాటర్లు 2025 జులైలో మాంచెస్టర్‌లో 143 ఓవర్లు నిలబడ్డారు. అదే ఏడాది గువాహటిలో మంచి పిచ్ మీద కూలిపోయారు కూడా. కాబట్టి తప్పంతా పిచ్‌దనో, అంతా ఓపికదనో తేల్చేయడం కుదరదు.

పెద్ద స్కోరు వేరు, గుర్తుండే ఇన్నింగ్స్ వేరు

టెస్టుల్లో భారత్ అత్యధిక స్కోరు 759/7 డిక్లేర్డ్. 2016 డిసెంబరులో చెన్నైలో ఇంగ్లండ్‌పై వచ్చింది. కరుణ్ నాయర్ 303 నాటౌట్, కె.ఎల్. రాహుల్ 199. ఆ మ్యాచ్‌లో భారత్ ఇన్నింగ్స్ తేడాతో గెలిచింది కూడా. అయినా టెస్టు క్రికెట్ కబుర్లలో ఆ 759 మాట పెద్దగా రాదు. లక్ష్మణ్ 281 వస్తుంది, 1979 ఓవల్‌లో గవాస్కర్ 221 వస్తుంది, 2021లో బ్రిస్బేన్‌లోని గబ్బా మైదానంలో ఛేదించిన 329/7 వస్తుంది. పాతతరం వాళ్లుంటే 1975 చెన్నైలో ఆండీ రాబర్ట్స్‌ను ఎదుర్కొని గుండప్ప విశ్వనాథ్ చేసిన 97 నాటౌట్ కూడా వస్తుంది. భారత్ మొత్తం చేసింది 190. అందులో సగానికి పైగా అతనివే. సెంచరీ కూడా కాని ఆ ఇన్నింగ్స్‌ను, ట్రిపుల్ సెంచరీ కన్నా ఎక్కువగా తలచుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఓటమిలో వచ్చినవీ ఈ వరుసలో ఉన్నాయి. 1997 జనవరిలో కేప్‌టౌన్‌లో భారత్ 58/5 మీద ఉన్నప్పుడు సచిన్, అజహరుద్దీన్ కలిశారు. ఆరో వికెట్‌కు 222 పరుగులు వచ్చాయి. సచిన్ 169, అజహర్ 110 బంతుల్లోనే 115. భారత్ ఆ టెస్టులో 282 పరుగుల తేడాతో ఓడింది. హైదరాబాద్‌లో ఆ రోజు ఆట చూసినవాళ్లకు ఓటమి తేడా గుర్తుండదు, అజహర్ మణికట్టు మాత్రం గుర్తుంటుంది.

ఈ తేడాకు మూలం టెస్టు మ్యాచ్ నిర్మాణంలోనే ఉంది. వన్డేలో ఎన్ని ఓవర్లో ముందే ఖరారై ఉంటుంది కాబట్టి పరుగుల లెక్క ఒక్కటే చాలు. టెస్టులో రోజుకు 90 చొప్పున ఐదు రోజులకు 450 ఓవర్లు. గెలవాలంటే ఈలోపు 20 వికెట్లు తీయాలి. అందుకే ఇక్కడ రెండు లెక్కలు పక్కపక్కనే నడుస్తాయి. ఒకటి పరుగులది, రెండోది ఓవర్లది. వెనకబడిన జట్టుకు రెండో లెక్కే ముందు. 2009లో నేపియర్‌లో న్యూజిలాండ్ 619 కొట్టి భారత్‌ను 305కు ఆలౌట్ చేసి ఫాలోఆన్ ఆడించింది, అంటే వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దింపింది. రెండో ఇన్నింగ్స్‌లో గౌతమ్ గంభీర్ 436 బంతులాడి 137 పరుగులు చేశాడు. క్రీజులో 643 నిమిషాలు, అంటే దాదాపు పదకొండు గంటలు. ద్రవిడ్ 62, సచిన్ 64, లక్ష్మణ్ 124 నాటౌట్. 476/4తో మ్యాచ్ డ్రా అయింది. సిరీస్‌లో భారత్ ఆధిక్యం చెక్కుచెదరలేదు. ఆ 137 విలువ పరుగుల్లో చూస్తే కనిపించదు.

2001 మార్చి 14: ఆ రోజు అసలేం జరిగింది

మొదట ఆస్ట్రేలియా 445. హర్భజన్ సింగ్ హ్యాట్రిక్ తీసినా స్టీవ్ వా 110తో స్కోరు అక్కడిదాకా వెళ్లింది. బదులుగా భారత్ 171కే ఆలౌట్. ఆ 171లో 59 పరుగులు ఆరో స్థానంలో వచ్చిన లక్ష్మణ్‌వి. వెనకబాటు 274. ఆస్ట్రేలియా అప్పటికి వరుసగా 16 టెస్టులు గెలిచి ఉంది. స్టీవ్ వా ఫాలోఆన్ ఆడించాడు. ఆ పరిస్థితిలో ఏ కెప్టెన్ అయినా అదే చేసేవాడు.

రెండో ఇన్నింగ్స్‌లో లక్ష్మణ్‌ను మూడో స్థానానికి పంపి, అక్కడ ఆడే ద్రవిడ్‌ను ఆరుకు దించారు. ఈ మార్పును చాలామంది అదృష్టం కింద కొట్టిపారేస్తారు. నిజానికి అది మామూలు లెక్కే. ఫామ్‌లో ఉన్నవాడికి ఎక్కువ బంతులు దొరకాలి, ఫామ్ వెతుక్కుంటున్నవాడికి బంతి కాస్త పాతబడ్డాక అవకాశం రావాలి. గంగూలీ 48కి అవుటై ద్రవిడ్ వచ్చేసరికి స్కోరు 232/4. మూడో రోజు ఆట ముగిసేసరికి 254/4. ఇంకా 20 పరుగులు వెనకే.

నాలుగో రోజు 90 ఓవర్లూ ఆడారు. ఒక్క వికెట్ పడలేదు, 335 పరుగులు వచ్చాయి. ఆట ముగిసేసరికి 589/4. లక్ష్మణ్ 275, ద్రవిడ్ 155. ఇక్కడ ఒక సంగతి తరచూ మరుగునపడుతుంది. దీన్ని ‘వికెట్ కాచుకున్న రోజు’గా చెప్పుకుంటారు కానీ, ఓవర్‌కు 3.7 చొప్పున పరుగులు వచ్చాయి. జిడ్డు బ్యాటింగ్ చేసి ఉంటే భారత్ ఆ మ్యాచ్‌ను డ్రా మాత్రమే చేసుకోగలిగేది. గెలవడానికి ప్రత్యర్థిని ఆడించే సమయం మిగలాలి, అందుకు పరుగులూ వేగంగా రావాలి. లక్ష్మణ్ 452 బంతుల్లో 281 కొట్టాడు, అందులో 44 ఫోర్లు. షేన్ వార్న్ లెగ్‌స్టంప్ అవతల గరుకు చోట వేసిన బంతులకు క్రీజు వదిలి ముందుకొచ్చి, ఒకే రకం బంతిని ఒకసారి కవర్స్ మీదుగా, మరోసారి మిడ్‌వికెట్ వైపు ఆడాడు. దాంతో వార్న్‌కు ఫీల్డర్లను ఎక్కడ పెట్టాలో తెలియలేదు. వార్న్ గణాంకాలు 34 ఓవర్లు, 152 పరుగులు, ఒక వికెట్.

బౌలర్ల పక్కనుంచి కూడా చూడాలి. మెక్‌గ్రాత్ 39, కాస్‌ప్రోవిచ్ 35, వార్న్ 34, గిలెస్పీ 31 ఓవర్లు వేశారు. భారత్ ఆడిన 178 ఓవర్లలో ఈ నలుగురివే 139. మిగిలిన 39 ఓవర్లు మార్క్ వా, పాంటింగ్, హేడెన్, స్లేటర్, లాంగర్ పంచుకున్నారు. కీపర్, కెప్టెన్ తప్ప అందరూ బంతి పట్టారు. ఆ నలుగురూ అప్పటికే భారత్ మొదటి ఇన్నింగ్స్‌లో బౌలింగ్ చేసి, ఫాలోఆన్ కారణంగా విశ్రాంతి లేకుండా మళ్లీ దిగినవాళ్లు. మార్చి నెల కోల్‌కతా ఉక్కలో అది మామూలు శ్రమ కాదు.

ఐదో రోజు లక్ష్మణ్ 608 దగ్గర అవుటయ్యాడు. ద్రవిడ్ 180కి రనౌట్. ఐదో వికెట్‌కు 376 పరుగులు. 657/7 దగ్గర డిక్లేర్ చేసి ఆస్ట్రేలియాకు 384 లక్ష్యం ఇచ్చారు. 166/3 మీద నింపాదిగా ఉన్న ఆస్ట్రేలియా చూస్తుండగానే 174/8 అయింది. మొత్తం 212. పది వికెట్లూ స్పిన్‌కే: హర్భజన్ ఆరు, సచిన్ మూడు, మార్క్ వాను డకౌట్ చేసిన హైదరాబాదీ వెంకటపతి రాజు ఒకటి.

అంటే ఆ పిచ్ చివరికి తిరిగింది. ఐదో రోజు టీ తర్వాత. నాలుగో రోజు మొత్తం బ్యాటింగ్‌కు అనుకూలంగా ఉండి, ఐదో రోజు స్పిన్నర్లకు సాయం చేసింది. పాత పద్ధతి భారత పిచ్ అంటే అదే. ఆ క్రమం లేకపోతే 281 ఉండేది కాదు, ఉన్నా 171 పరుగుల విజయం ఉండేది కాదు.

ఆ మ్యాచ్ తర్వాత ఫాలోఆన్ ఆడించాలంటే కెప్టెన్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించడం మొదలుపెట్టారు. 200 పైన ఆధిక్యం ఉన్నా మళ్లీ తామే బ్యాటింగ్ చేసి బౌలర్లకు విశ్రాంతి ఇవ్వడం ఇప్పుడు సాధారణమైపోయింది.

సిడ్నీలో 131 ఓవర్లు, గబ్బాలో ఆ ఫలం

2020-21 ఆస్ట్రేలియా పర్యటన అడిలైడ్‌లో 36 ఆలౌట్‌తో మొదలైంది. టెస్టుల్లో భారత్‌కు అదే అత్యల్పం. ఒక్క బ్యాటరూ రెండంకెలకు చేరలేదు. ఆ సిరీస్‌ను భారత్ 2-1తో గెలవడం వెనక ఉన్న కథల్లో గబ్బాకే ఎక్కువ పేరు వచ్చింది. సిడ్నీని దాని పక్కనే పెట్టి చూస్తే లెక్క బాగా తెలుస్తుంది.

సిడ్నీలో లక్ష్యం 407. ఐదో రోజు పంత్ 118 బంతుల్లో 97 కొట్టి కాసేపు గెలుపు మీద కూడా ఆశ పుట్టించాడు. పుజారా 205 బంతులాడి 77 చేశాడు. స్కోరు 272 దగ్గర పుజారా అయిదో వికెట్‌గా వెళ్లాక, కాకినాడలో పుట్టిన ఆంధ్ర ఆటగాడు హనుమ విహారి, అశ్విన్ మిగిలారు. విహారికి తొడ కండరం పట్టేసి పరుగు తీయడమే కష్టమైంది. అశ్విన్‌కు నడుం నొప్పి. జడేజా బొటనవేలు విరిగి ఉంది. విహారి 161 బంతుల్లో 23, అశ్విన్ 128 బంతుల్లో 39. ఇద్దరూ నాటౌట్. 131 ఓవర్లు ఆడి 334/5తో డ్రా. మధ్యలో ఆస్ట్రేలియా కీపర్ టిమ్ పైన్ క్యాచ్‌లు వదిలేయడం కూడా కలిసొచ్చింది. ఇలాంటి ఇన్నింగ్స్‌లో అదృష్టం పాలు లేదనడం అబద్ధమే అవుతుంది.

సిడ్నీ టెస్టు జనవరి 11న ముగిసింది. గబ్బాలో నాలుగో టెస్టు 15న మొదలైంది. కమిన్స్, స్టార్క్, హేజిల్‌వుడ్, లయన్ నాలుగు టెస్టుల్లోనూ ఆడారు, ఒక్కరికీ విశ్రాంతి లేదు. భారత్ పక్షాన దాదాపు బౌలర్లంతా మారిపోయారు. గాయాల వల్ల మారక తప్పలేదు, అదే ఒకరకంగా తాజా కాళ్లను తెచ్చిపెట్టింది. మొదటి ఇన్నింగ్స్‌లో భారత్ 186/6 మీద ఉండగా వాషింగ్టన్ సుందర్ 62, శార్దూల్ ఠాకూర్ 67 కొట్టి ఏడో వికెట్‌కు 123 పరుగులు జోడించారు. ఈ భాగస్వామ్యం లేకపోతే చివరి రోజు ఛేదన ఊసే ఉండదు. రెండో ఇన్నింగ్స్‌లో హైదరాబాదీ సిరాజ్ ఐదు వికెట్లు తీశాడు. లక్ష్యం 328.

గిల్ 91, పంత్ 89 నాటౌట్ అందరికీ తెలిసినవే. వాటి మధ్య పుజారా 211 బంతుల్లో 56 ఉంది. ఒంటి మీద పదేపదే దెబ్బలు తింటూ అతను నిలబడటంతో కమిన్స్ స్పెల్స్ ఒక్కొక్కటీ కరిగిపోయాయి. కమిన్స్‌కు నాలుగు వికెట్లు దొరికాయి కానీ అవతలి ఎండ్ నుంచి సాయం రాలేదు. స్టార్క్ 75 పరుగులిచ్చి ఒక్క వికెట్టూ తీయలేకపోయాడు. ఆస్ట్రేలియాలో వాడే కూకబుర్రా బంతి సీమ్ (కుట్టు) త్వరగా అణిగిపోతుంది, 30 ఓవర్లు దాటాక పేసర్లకు పెద్దగా సాయం ఉండదు. 80 ఓవర్ల తర్వాత వచ్చే కొత్త బంతి దాకా వికెట్లు దాచుకున్న జట్టుకు అక్కడ దారి దొరుకుతుంది. 1988 తర్వాత ఆస్ట్రేలియా గబ్బాలో ఓడటం అదే మొదటిసారి.

పోర్ట్ ఆఫ్ స్పెయిన్ 1976: గెలిచినవాళ్లకన్నా ఓడినవాళ్లను మార్చిన ఇన్నింగ్స్

ఇలాంటి బ్యాటింగ్ ప్రభావం ఒక్కోసారి ప్రత్యర్థి మీదే ఎక్కువ పడుతుంది. 1976 ఏప్రిల్‌లో వెస్టిండీస్ కెప్టెన్ క్లైవ్ లాయిడ్ రెండో ఇన్నింగ్స్ డిక్లేర్ చేసి భారత్‌కు 403 లక్ష్యం పెట్టాడు. అప్పటిదాకా టెస్టుల్లో 400 పైచిలుకు ఛేదన ఒక్కసారే జరిగింది, 1948లో లీడ్స్‌లో బ్రాడ్‌మన్ జట్టు చేసింది. భారత్ 406/4. గవాస్కర్ 102, విశ్వనాథ్ 112, మొహిందర్ అమర్‌నాథ్ 85. పడిన నాలుగు వికెట్లలో రెండు రనౌట్లే. అంటే ముగ్గురు స్పిన్నర్లతో దిగిన వెస్టిండీస్ బౌలర్లు బంతితో సంపాదించింది రెండు వికెట్లు మాత్రమే.

తర్వాతి టెస్టు కింగ్‌స్టన్‌లో పేస్ దాడి ఎంత తీవ్రంగా సాగిందంటే, భారత బ్యాటర్లు వరుసగా గాయపడ్డారు. మొదటి ఇన్నింగ్స్‌ను 306/6 దగ్గర డిక్లేర్ చేశారు. రెండో ఇన్నింగ్స్ 97/5 దగ్గరే ఆగిపోయింది, ఎందుకంటే బ్యాటింగ్‌కు దిగగల స్థితిలో ఇంకెవరూ లేరు. నలుగురు పేసర్ల వ్యూహంతో వెస్టిండీస్ ఏళ్ల తరబడి ప్రపంచాన్ని శాసించడానికి ఈ ఛేదనే కారణమని చెప్పడం కాస్త అతిశయోక్తి. అంతకు కొద్ది నెలల ముందే ఆస్ట్రేలియాలో లిల్లీ, థామ్సన్ చేతిలో లాయిడ్ జట్టు 5-1తో ఓడి పేస్ విలువ తెలుసుకుంది. స్పిన్ మీద మిగిలి ఉన్న నమ్మకాన్ని మాత్రం పోర్ట్ ఆఫ్ స్పెయిన్ తుడిచేసింది.

చివరి మెట్టు దగ్గర

భారీ ఛేదనలు చాలావరకు అందినట్టే అంది చేజారాయి. 1968లో బ్రిస్బేన్‌లో లక్ష్యం 395. గాయపడిన ఆటగాళ్ల స్థానంలో అప్పటికప్పుడు ఇండియా నుంచి విమానమెక్కి వచ్చిన హైదరాబాద్ ఆటగాడు ఎం.ఎల్. జైసింహ సరైన ప్రాక్టీసు కూడా లేకుండా 74, 101 కొట్టాడు. 39 పరుగుల తేడాతో ఓటమి. 1979లో ఇంగ్లండ్‌పై ఓవల్‌లో లక్ష్యం 438. గవాస్కర్ 221తో స్కోరు 366/1 దాకా వెళ్లింది. అక్కడ వేగం కోసం బ్యాటింగ్ వరుస మార్చి కపిల్‌ను ముందుకు పంపితే సున్నాకే వచ్చేశాడు, విశ్వనాథ్‌ను ఆలస్యంగా దించారు. 429/8తో తొమ్మిది పరుగుల దూరంలో సమయం అయిపోయింది. 1999లో చెన్నైలో పాకిస్తాన్‌పై 271 ఛేదిస్తూ సచిన్ 136 కొట్టి 254 దగ్గర అవుటయ్యాడు. మిగిలిన మూడు వికెట్లు నాలుగు పరుగులకే పోయాయి.

చివరి వరుస బ్యాటర్లు తట్టుకున్నచోట ఫలితం మారింది. 2010 మొహాలీలో ఆస్ట్రేలియాపై 216 కావాల్సి ఉండగా 124/8. నడుం పట్టేసి రన్నర్ సాయంతో ఆడుతున్న లక్ష్మణ్ 73 నాటౌట్. ఇషాంత్ 31 కొట్టి తొమ్మిదో వికెట్‌కు 81 పరుగుల్లో భాగం పంచుకున్నాడు, చివర్లో ప్రజ్ఞాన్ ఓఝా నిలబడ్డాడు. ఒక్క వికెట్ తేడాతో విజయం. ఎప్పుడూ నిదానంగా ఉండే లక్ష్మణ్ ఆ రోజు ఓఝా మీద గట్టిగా అరిచిన దృశ్యం తెలుగువాళ్లు ఇప్పటికీ నవ్వుకుంటూ చూస్తారు.

2024 మెల్‌బోర్న్‌లో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఎనిమిదో స్థానంలో వచ్చి 114 కొట్టాడు. వాషింగ్టన్ సుందర్‌తో కలిసి 127 పరుగులు జోడించాడు. నితీశ్ 99 మీద ఉండగా బుమ్రా అవుటైతే, కమిన్స్ వేసిన మూడు బంతులను సిరాజ్ అడ్డుకున్నాకే ఆ సెంచరీ పూర్తయింది. 2025లో ఇంగ్లండ్‌పై లార్డ్స్‌లో 193 ఛేదనలో జడేజాకు తోడుగా బుమ్రా 54 బంతులు, సిరాజ్ 30 బంతులు ఆడారు. స్పిన్నర్ బషీర్ బంతిని సిరాజ్ సరిగ్గానే ఆపాడు, అది నేల మీద దొర్లుకుంటూ వెనక్కి వెళ్లి స్టంప్స్‌ను తాకింది. 22 పరుగులతో ఓటమి. పాత రోజుల్లో భారత టెయిలెండర్లు ఇన్ని బంతులు ఆడటం అరుదు. ‘ఇప్పటివాళ్లకు ఓపిక లేదు’ అనేవాళ్లు ఈ లెక్కను వదిలేస్తారు.

సొంతగడ్డ పిచ్‌లు ఎందుకు మారాయి

జట్లు పాయింట్ల కోసం పోటీపడే ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ 2019లో వచ్చింది. ఇప్పుడున్న పద్ధతిలో గెలుపుకు 12 పాయింట్లు, డ్రాకు 4. ఈ లెక్కలో నేపియర్‌లాంటి డ్రా పెద్ద నష్టంగానే కనిపిస్తుంది. ఇంట్లో ఆడే టెస్టుల్లో డ్రాకు ఆస్కారం ఉండకూడదనుకున్నప్పుడు, మొదటి రోజు నుంచే తిరిగే పిచ్ సులువైన దారి. అశ్విన్, జడేజా ఉన్నంతకాలం ఆ దారి పనిచేసింది కూడా. స్వదేశంలో వరుసగా 18 సిరీస్‌లు గెలిచారు.

ఆ దారిలో ఒక లోపం ఉంది. బంతి మొదటి గంటలోనే విపరీతంగా తిరుగుతుంటే మంచి స్పిన్నర్‌కూ సాధారణ స్పిన్నర్‌కూ తేడా తగ్గిపోతుంది. మంచి బ్యాటర్‌కూ సాధారణ బ్యాటర్‌కూ తేడా కూడా అంతే. 2024లో పుణెలో న్యూజిలాండ్ ఆటగాడు శాంట్నర్ 13 వికెట్లు తీశాడు. తర్వాత ముంబైలో 147 ఛేదించలేక భారత్ 121కి ఆలౌట్ అయింది. సిరీస్ 0-3. 2025 అక్టోబరులో దిల్లీలో దానికి విరుద్ధంగా నెమ్మదైన పిచ్ దొరికింది. వెస్టిండీస్‌ను ఫాలోఆన్ ఆడిస్తే వాళ్లు 390 కొట్టారు, భారత బౌలర్లు వరుసగా 200 ఓవర్ల దాకా వేయాల్సి వచ్చింది. మ్యాచ్ గెలిచినా శ్రమ చాలా ఎక్కువైంది. 2001లో ఆస్ట్రేలియాకు ఎదురైన పరిస్థితే, ఈసారి భారత్ పక్షాన.

నెల తర్వాత ఈడెన్‌లో పిచ్ ఇంకో కొసకు వెళ్లింది. దక్షిణాఫ్రికా 159, 153. భారత్ 189, 93. మొత్తం మ్యాచ్‌లో ఒకే ఒక్క అర్ధసెంచరీ, బవుమా 55 నాటౌట్. దక్షిణాఫ్రికా స్పిన్నర్ హార్మర్ రెండు ఇన్నింగ్స్‌లోనూ నాలుగేసి వికెట్లు తీశాడు. తాము అడిగిన పిచ్ ఇదేనని మ్యాచ్ అయ్యాక కోచ్ గంభీర్ చెప్పాడు. నేపియర్‌లో 643 నిమిషాలు ఆడినవాడు, బ్యాటర్లు నిలవడమే కష్టమైన పిచ్ కోరుకోవడం విచిత్రంగానే ఉంది.

93లో అత్యధిక స్కోరు వాషింగ్టన్ సుందర్ 31. నాలుగు నెలల ముందు ఇదే సుందర్ మాంచెస్టర్‌లో 101 నాటౌట్.

మాంచెస్టర్, గువాహటి: రెండు సాక్ష్యాలు

మాంచెస్టర్‌లో ఇంగ్లండ్ 669 కొట్టి 311 ఆధిక్యం తీసుకుంది. భారత్ రెండో ఇన్నింగ్స్ తొలి ఓవర్‌లోనే వోక్స్ రెండు వికెట్లు తీశాడు. స్కోరు 0/2. అక్కడి నుంచి రాహుల్ 90, గిల్ 103, జడేజా 107 నాటౌట్, సుందర్ 101 నాటౌట్. 143 ఓవర్లలో 425/4. ఆట ముగియడానికి ముందే డ్రాకు ఒప్పుకుందామని ఇంగ్లండ్ కెప్టెన్ స్టోక్స్ చెయ్యి చాపితే, సెంచరీలకు దగ్గరలో ఉన్న ఇద్దరూ ఆట కొనసాగించారు. కోహ్లీ, రోహిత్ అప్పటికే టెస్టుల నుంచి తప్పుకున్నారు, పుజారా జట్టులో లేడు. ఐపీఎల్‌లో పెరిగిన తరమే ఆ 143 ఓవర్లూ ఆడింది. పిచ్ చదునుగా ఉంది, స్టోక్స్ ఫిట్‌నెస్ సమస్యతో బౌలింగ్ భారం మిగిలినవాళ్ల మీద పడింది, సమయం రోజున్నర మిగిలి ఉంది. ఈడెన్ 2001కి కావలసినవన్నీ ఇక్కడా ఉన్నాయి.

గువాహటి దీనికి ఎదురు సాక్ష్యం. ఈడెన్ టెస్టు అయిన వెంటనే జరిగిన ఆ మ్యాచ్‌లో పిచ్ బాగానే ఉంది. దక్షిణాఫ్రికా అదే పిచ్ మీద 489 కొట్టింది. భారత్ 201, 140 చేసి 408 పరుగులతో ఓడింది. మొదటి ఇన్నింగ్స్‌లో ఎక్కువ బంతులాడింది కుల్‌దీప్ యాదవ్. 134 బంతుల్లో 19. ప్రధాన బ్యాటర్లు చాలామంది పేసర్ యాన్సెన్ షార్ట్ బంతులకు తొందరపడి వికెట్లు ఇచ్చుకున్నారు. ఇక్కడ పిచ్‌ను తప్పుపట్టడానికి ఏమీ లేదు. స్పిన్ పిచ్‌ల మీద ఏ బంతి ఎప్పుడు తమ వికెట్ తీస్తుందో తెలియని స్థితికి అలవాటుపడ్డ బ్యాటర్లు, ‘ఎలాగూ పోతాం, ఈలోపు నాలుగు కొడదాం’ అనే ధోరణిని మంచి పిచ్ మీదికి కూడా తెచ్చుకున్నారన్నది ఒక వివరణ. మూడో స్థానంలో ఎవరు ఆడాలో కూడా ఖరారు కాకపోవడం మరో వివరణ. ఈడెన్‌లో ఆ స్థానంలో సుందర్ వచ్చాడు, గువాహటిలో సాయి సుదర్శన్. ద్రవిడ్, ఆ తర్వాత పుజారా ఏళ్ల తరబడి ఆడిన చోటది.

ముందు ముందు

భారత్ మళ్లీ నెమ్మదైన పిచ్‌ల వైపు వెళితే మ్యాచ్‌లు నాలుగు, ఐదు రోజులు సాగుతాయి, కొన్ని డ్రా అవుతాయి, పాయింట్లు పోతాయి, బౌలర్లకు శ్రమ పెరుగుతుంది. బుమ్రాలాంటి పేసర్‌ను లెక్కపెట్టి వాడుకోవాల్సిన పరిస్థితిలో ఇది చిన్న విషయం కాదు. తిరిగే పిచ్‌లే కొనసాగితే గెలుపోటములు రెండున్నర రోజుల్లో తేలిపోతాయి. అలాంటి మ్యాచ్‌లో 40 పరుగులే గొప్ప ఇన్నింగ్స్. 281 రాదు. బ్యాటర్ల ఎంపిక కూడా దాన్నిబట్టే మారుతుంది: స్వీప్, రివర్స్ స్వీప్ ఆడగలవాళ్లకు, బౌలింగ్ కూడా చేయగలవాళ్లకు చోటు పెరుగుతుంది. రంజీల్లో రెండు రోజులు ఆడే బ్యాటర్‌కు తలుపు మూసుకుపోతుంది.

2027 ఆరంభంలో ఆస్ట్రేలియా ఐదు టెస్టుల కోసం ఇక్కడికి రావాల్సి ఉంది. లయన్‌లాంటి స్పిన్నర్ ఉన్న జట్టుకు మొదటి రోజే తిరిగే పిచ్ ఇవ్వడమంటే ఈడెన్ 2025ను మళ్లీ పిలవడమే. ఐదో రోజు తిరిగే పిచ్ ఇస్తే భారత్ టాప్ ఆర్డర్ ముందు 150 ఓవర్లు ఆడి చూపించాలి. రెండిట్లో ఏది కోరుకోవాలో పిచ్ తయారుచేసే క్యూరేటర్లతో మాట్లాడేముందే జట్టు తేల్చుకోవాలి, ఎందుకంటే మూడో స్థానానికి ఎవరిని తయారుచేయాలన్నది కూడా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంది.